జపనీస్‌లో మనుషులనూ వస్తువులనూ లెక్కపెట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

హిరగన, కతకన అక్షరాలు వచ్చాయి, ఒకటి నుంచి వంద దాకా అంకెలు వచ్చాయి, అయినా "రెండు టికెట్లు ఇవ్వండి" అనాల్సి వచ్చేసరికి నోరు ఆగిపోతోంది. ఈ దశలో ఉన్నవాళ్ల కోసమే ఈ పేజీ. చదువు కోసం వెళ్తున్నా, ఉద్యోగం కోసం వెళ్తున్నా, జపనీస్ భాషా పరీక్షల్లో మొదటి మెట్టయిన ఎన్5 రాస్తున్నా అందరికీ టెన్షన్ పెట్టే పాఠం ఇదే. తెలుగు మాట్లాడేవాళ్లకు మాత్రం ఇది అంత భయపడాల్సిన పాఠం కాదని నా గట్టి నమ్మకం. ఎందుకో కిందే తెలుస్తుంది.

జపనీస్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాను. మన లిపిలో ఒ, ఓ వేరువేరుగా ఉన్నాయి, ఒత్తులూ ఉన్నాయి. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చదవండి. "త్సు" అని రాసినచోట, "చుక్క" అన్నప్పుడు మన నోట వచ్చే "చు" పలికితే చాలు. "జెన్", "జుత్సు" లాంటి మాటల్లో జ ను "జున్ను"లోని జ లాగా పలకండి.

ఇచి, ని, సన్ వచ్చాక కూడా వస్తువుల్ని లెక్కపెట్టలేకపోతున్నాను. ఏం తక్కువైంది?

ఇచి, ని, సన్, యొన్, గొ, రొకు, నన, హచి, క్యూ, జూ అనేవి అంకెల పేర్లు. ఫోన్ నంబరు చెప్పడానికి, కూడికలు చేయడానికి ఇవి సరిపోతాయి. ఒక మనిషినో వస్తువునో లెక్కపెట్టాలంటే మాత్రం అంకె ఒక్కటే సరిపోదు. దాని వెనక ఇంకో చిన్న ముక్క చేరాలి. లెక్కపెడుతున్నది మనిషా, కాగితంలా పల్చటిదా, పెన్సిల్‌లా పొడుగ్గా ఉండేదా, యంత్రమా అన్నది ఆ ముక్క చెబుతుంది. జపనీస్ వ్యాకరణంలో ఈ ముక్కల్ని జొసూషి అంటారు. రెండు టికెట్లు నిమై, రెండు పెన్సిళ్లు నిహొన్, రెండు పుస్తకాలు నిసత్సు, రెండు కార్లు నిదై. అన్నింట్లో ఉన్నది అదే "ని", మారుతున్నది వెనకున్న ముక్క.

వస్తువుని బట్టి లెక్క మారడమేంటి? అంత గందరగోళం ఎందుకు?

మనం చేసేదీ ఇదే. "మా ఇంట్లో రెండు మనుషులు ఉన్నారు" అని తెలుగులో ఎవరూ అనరు. ఇద్దరు ఉన్నారంటాం. పుస్తకాలు రెండు, మనుషులు ఇద్దరు. కుర్చీలు మూడు, పిల్లలు ముగ్గురు. ఏడుగురు దాకా "గురు" నడుస్తుంది, ఎనిమిది నుంచి "మంది" వస్తుంది. ఎనిమిది మంది, పది మంది, వంద మంది. ఆ "మంది" చేసే పనే జపనీస్‌లో "నిన్" చేస్తుంది. హచినిన్, జూనిన్, హ్యకునిన్.

అంటే మనుషులకు వేరే లెక్క ఉండటం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంగ్లిష్ మాత్రమే తెలిసిన విద్యార్థి కొత్తగా అర్థం చేసుకోవాల్సిన విషయం ఇది. మనకు ఆ అవసరం లేదు. జపనీస్ వాళ్లు ఆ తేడాని మనుషుల దగ్గర ఆపకుండా వస్తువుల దాకా తీసుకెళ్లారు. ఈ పాఠాన్ని ఇంగ్లిష్ మీదుగా కాకుండా నేరుగా తెలుగు నుంచి నేర్చుకోమని చెప్పేది అందుకే.

మనుషుల్ని ఎలా లెక్కపెట్టాలి?

ఒకరు హితొరి, ఇద్దరు ఫుతరి. ఈ రెండూ ప్రత్యేకం. మూడు నుంచి నిన్ మొదలవుతుంది: సన్నిన్, యొనిన్, గొనిన్, రొకునిన్, నననిన్, హచినిన్, క్యూనిన్, జూనిన్. ఎంతమంది అని అడగాలంటే నన్నిన్.

నలుగురు దగ్గర కాస్త ఆగండి. అది యొన్‌నిన్ కాదు, షినిన్ కాదు, యొనిన్. ఏడుగురికి షినిన్ లాగే వినిపించే షిచినిన్ అనే రూపం కూడా ఉంది, అది మాత్రం తప్పు కాదు. నననిన్, షిచినిన్ రెండూ వింటారు. మాట్లాడేటప్పుడు నననిన్ తేలిక.

పది దాటాక హితొరి, ఫుతరి మళ్లీ రావు. పదకొండు మంది జూఇచినిన్, పన్నెండు మంది జూనినిన్, ఇరవై మంది నిజూనిన్. చాలామంది పదకొండు దగ్గర "జూహితొరి" అనేస్తుంటారు. మనం "పది ఒక్కరు" అనం కదా, పదకొండు మంది అంటాం. ఇక్కడా అంతే.

హితొరి, ఫుతరి ముందుగా బట్టీ పట్టండి. రోజువారీ మాటల్లో ఎక్కువగా వచ్చేవి ఇవే. "హితొరి దె" అంటే ఒంటరిగా, "ఫుతరి దె" అంటే ఇద్దరం కలిసి. "హితొరి దె కిమషిత" అంటే ఒక్కడినే వచ్చాను, లేదా ఒక్కదాన్నే వచ్చాను.

నాలుగుకి యొన్, షి అని రెండు పేర్లు. ఎప్పుడు ఏది వాడాలి?

నాలుగు, ఏడు, తొమ్మిది, ఈ మూడు అంకెలకీ రెండేసి పేర్లున్నాయి. యొన్/షి, నన/షిచి, క్యూ/కు. వస్తువుల్ని లెక్కపెట్టేటప్పుడు యొన్, నన, క్యూ వాడితే దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. షి అంటే చావు అనే మాటలాగా, కు అంటే బాధ అనే మాటలాగా వినిపిస్తాయి కాబట్టి వాటిని తప్పించే అలవాటు బలంగా ఉంది. కొన్ని ఆసుపత్రుల్లో నాలుగు, తొమ్మిది నంబర్ల గదులే ఉండవు.

నెలలు, గంటలు మాత్రం ఈ మాట వినవు. ఏప్రిల్ షిగత్సు, జులై షిచిగత్సు, సెప్టెంబర్ కుగత్సు. నాలుగు గంటలు యొజి, ఏడు గంటలు షిచిజి, తొమ్మిది గంటలు కుజి. ఈ ఆరూ విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే, దగ్గర దారి లేదు.

హోటల్‌లోకి వెళ్లగానే "నన్మేసమ దెస్ క" అంటున్నారు. అందులో నిన్ లేదేంటి?

అది మర్యాద రూపం. మనుషుల్ని గౌరవంగా లెక్కపెట్టడానికి "మే" అనే ఇంకో జొసూషి ఉంది. "సమ" అనేది మన "గారు" కంటే ఒక మెట్టు ఎక్కువ గౌరవం. "తమరు ఎంతమంది?" అని అడుగుతున్నారన్నమాట. జవాబు మాత్రం మామూలుగానే చెప్పాలి. ఇద్దరైతే "ఫుతరి దెస్", నలుగురైతే "యొనిన్ దెస్". మన గురించి మనం "సమ" పెట్టుకోకూడదు. "నేను ఫలానా గారిని" అని మనం పరిచయం చేసుకోం కదా. వేళ్లు చూపిస్తూ చెబితే ఇంకా మంచిది, అక్కడి వాళ్లూ అలాగే చేస్తారు.

మా కుటుంబంలో ఎంతమందో ఎలా చెప్పాలి?

"గొనిన్ కజొకు దెస్" అంటే మాది ఐదుగురున్న కుటుంబం. ఈ లెక్కలో మీరూ ఉంటారు.

తోబుట్టువుల దగ్గర జాగ్రత్త. "క్యోదై గ ఫుతరి ఇమస్" అంటే నాకు ఇద్దరు తోబుట్టువులు, మీరు కాకుండా ఇద్దరు. "సన్నిన్ క్యోదై దెస్" అంటే మేం ముగ్గురం, మీతో కలిపి. రెండు వాక్యాలూ ఒకే ఇంటి గురించే కావచ్చు. పరిచయం చేసుకునేటప్పుడు ఈ రెంటిలో ఒకటి ఎంచుకుని దాన్నే బాగా అలవాటు చేసుకోండి.

ఇంకో మాట. మనుషులకీ జంతువులకీ "ఇమస్", వస్తువులకు "అరిమస్". మనం "ఉన్నారు", "ఉన్నాయి" అని విడదీసినట్టే, అయితే గీత వేరేచోట గీశారు. మనకు జంతువులు వస్తువుల పక్కన ఉంటాయి, వాళ్లకు మనుషుల పక్కన.

అన్ని వస్తువులకీ పనికొచ్చే లెక్క ఏదైనా ఉందా?

ఉంది. అందరికంటే ముందు నేర్చుకోవాల్సింది అదే: హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు, యొత్త్సు, ఇత్సుత్సు, ముత్త్సు, ననత్సు, యత్త్సు, కొకొనొత్సు, తో.

ఇవి అచ్చ జపనీస్ అంకెలు. ఇచి, ని, సన్ చైనా నుంచి వచ్చినవి. అందుకే రెండు వరసలు. తెలుగులోనూ ఒకటి, రెండు, మూడు ఉండగానే ఏకాదశి, ద్విచక్రం, త్రిమూర్తులు అంటూ సంస్కృతం అంకెలు పక్కనే నడుస్తున్నాయి కదా.

ఈ పదీ గుర్తుండటానికి ఒక చక్కటి మార్గం ఉంది. ఒకటికి రెట్టింపు రెండు: హితొ, ఫుత. మూడుకి రెట్టింపు ఆరు: మి, ము. నాలుగుకి రెట్టింపు ఎనిమిది: యొ, య. హల్లు దాదాపు అలాగే ఉండి అచ్చు మారింది. మిత్త్సు, ముత్త్సు పక్కపక్కన పెట్టి, యొత్త్సు, యత్త్సు పక్కపక్కన పెట్టి పైకి చదవండి. ఒక్కసారి ఈ జతలు చెవికి అందితే మర్చిపోవడం కష్టం.

పదికి చివర "త్సు" లేదు, వట్టి "తో". పది దాటితే ఈ వరస ఆగిపోతుంది. పదకొండు వస్తువులు కావాలంటే జూఇచి, లేదా జూఇక్కొ అనాలి. ఎన్ని అని అడగడానికి "ఇకుత్సు".

యాపిల్స్, కుర్చీలు, సంచులు, కాఫీలు, కేకులు, గదులు, చివరికి ప్రశ్నలు, సమస్యలు, ఆలోచనలు కూడా ఈ లెక్కలో ఇమిడిపోతాయి. మనుషులకీ జంతువులకీ మాత్రం వాడకూడదు. ఇద్దరు స్నేహితుల్ని "ఫుతత్సు" అంటే, తెలుగులో "రెండు స్నేహితులు" అన్నంత వింతగా ఉంటుంది.

అలాగైతే హితొత్సు, ఫుతత్సుతోనే బతికేయొచ్చు కదా? మిగతావి ఎందుకు?

మొదటి నెల బతికేయండి, నిజంగానే. తరవాత మాత్రం మిగతావీ అవసరమవుతాయి, ఎందుకంటే అవతలివాళ్లు అవే వాడతారు. స్టేషన్‌లో "నన్‌మై దెస్ క" అంటే టికెట్లు ఎన్నని అడుగుతున్నారని మీకు అర్థం కావాలి. ముందు వినడం రావాలి, మాట్లాడటం దాని వెనకే వస్తుంది.

నేను చెప్పే వరస ఇది: మొదట త్సు వరస, నిన్. తరవాత మై, ఎందుకంటే అందులో ఉచ్చారణ ఎక్కడా మారదు. ఆ తరవాత దై, అదీ మారదు. అప్పుడు సత్సు, కొ. చివర్లో హొన్, హికి, హై. చాలా పాఠాలు హొన్‌తో మొదలుపెట్టి విద్యార్థిని మొదటి రోజే బెదరగొడతాయి. ఆ పద్ధతి నాకు నచ్చదు.

మై పల్చగా, బల్లపరుపుగా ఉండేవాటికి: కాగితాలు, టికెట్లు, స్టాంపులు, ఫొటోలు, పళ్లేలు, చొక్కాలు, పిజ్జాలు. ఇచిమై, నిమై, సన్‌మై, యొన్‌మై, గొమై, రొకుమై, ననమై, హచిమై, క్యూమై, జూమై.

దై యంత్రాలకు, వాహనాలకు: కార్లు, సైకిళ్లు, కంప్యూటర్లు, టీవీలు, వాషింగ్ మెషిన్లు. ఇచిదై, నిదై, సన్‌దై, ఇలా సాగిపోతుంది.

సత్సు పుస్తకాలకు, పత్రికలకు, నోట్‌బుక్కులకు: ఇస్సత్సు, నిసత్సు, సన్‌సత్సు, యొన్‌సత్సు, గొసత్సు, రొకుసత్సు, ననసత్సు, హస్సత్సు, క్యూసత్సు, జుస్సత్సు.

హొన్ దగ్గర ఇప్పొన్, సంబొన్, రొప్పొన్ అని ఎందుకు మారిపోతోంది? బట్టీ పట్టడం తప్ప దారి లేదా?

ఉంది, దాని పేరు సంధి. బడిలో మనందరం చదువుకున్నదే.

ముందు వరస చూడండి: ఇప్పొన్, నిహొన్, సంబొన్, యొన్‌హొన్, గొహొన్, రొప్పొన్, ననహొన్, హప్పొన్, క్యూహొన్, జుప్పొన్. ఎన్ని అంటే నంబొన్. పదికి జిప్పొన్ అనే రూపమూ ఉంది, రెండూ సరైనవే.

మారేవి ఒకటి, మూడు, ఆరు, ఎనిమిది, పది. వీటిలో మూడుని పక్కన పెడదాం. మిగిలిన నాలుగింట్లో అంకె చివరి అక్షరం లోపించి, తరవాతి హల్లుకి ద్విత్వం వచ్చింది. ఇచి + కొ ఇక్కొ, ఇచి + సత్సు ఇస్సత్సు, జూ + కొ జుక్కొ. హ అయితే ప్ప అవుతుంది, ఎందుకంటే జపనీస్‌లో ఇప్పుడు హ అని పలికేది ఒకప్పుడు ప. పాత ప ఒత్తు పడ్డచోట మాత్రం బతికి ఉంది.

ఇక మూడు. సన్ చివర న్ ఉంది. న్ తరవాత పరుషం వస్తే సరళంగా మారడం మన సరళాదేశ సంధిలో చూశాం. పూచెన్ + కలువలు పూచెఁగలువలు అయినట్టు, ద్రుతం తరవాత క చ ట త ప లు గ జ డ ద బ లు అవుతాయి. సన్ + హొన్ సంబొన్ అవడం అదే దారి: పాత ప కాస్తా బ అయింది. సన్ + హికి సంబికి, సన్ + హై సంబై, మూడో అంతస్తుకి సంగై, మూడు జతల చెప్పులకు సన్‌జొకు. వందల్లో, వేలల్లో కూడా ఇదే: సంబ్యకు అంటే 300, సన్‌జెన్ అంటే 3,000.

అయితే ఇది అన్నిచోట్లా నడవదు. సన్‌కొ, సన్‌సత్సు మారకుండా ఉండిపోయాయి. యొన్ చివర కూడా న్ ఉన్నా యొన్‌హొన్ అంటారు గాని యొంబొన్ అనరు. నిమిషాల్లో మూడు సంపున్, నాలుగు యొంపున్, బ కి బదులు ప. కాబట్టి సంధి సూత్రాన్ని దారి చూపేదిగా వాడుకోండి. చివరి తీర్పు చెవిదే.

ద్విత్వం ఎక్కడ వస్తుందో ముక్కల్లో చెప్పాలంటే: క, హ లతో మొదలయ్యే జొసూషికి 1, 6, 8, 10 దగ్గర వస్తుంది. స, త లతో మొదలయ్యేవాటికి 1, 8, 10 దగ్గర వస్తుంది, ఆరు మారదు. అందుకే రొప్పొన్, రొక్కొ అంటాం గాని, రొకుసత్సు, రొకుతో (కింద వచ్చే పెద్ద జంతువుల లెక్క) అలాగే ఉంటాయి. మ, ద లతో మొదలయ్యేవాటికి ఏ గొడవా లేదు.

ఒత్తులు పలకడం మనకు నేర్పాల్సిన పని లేదు. అప్పు, కప్పు, తిప్పు అనే నోటికి ఇప్పొన్ ఎంత పని?

హొన్‌తో ఏమేం లెక్కపెడతారు?

పొడుగ్గా, గుండ్రటి కడ్డీలా ఉండేవి: పెన్సిళ్లు, గొడుగులు, సీసాలు, అరటిపళ్లు, చెట్లు, చేతి వేళ్లు. పొడుగు అనే ఊహ అక్కడ ఆగలేదు. రోడ్లు, నదులు, టైలు కూడా హొన్ కిందికే వస్తాయి. ఆ తరవాత కంటికి కనిపించని పొడుగు మొదలవుతుంది. సినిమాలు ఇప్పొన్, నిహొన్ అనే లెక్కిస్తారు. ఫోన్ కాల్స్, నడిచే రైళ్లు, బేస్‌బాల్‌లో హోమ్ రన్లు కూడా అంతే. బంతి గాలిలో గీసే దారిని తలుచుకుంటే హోమ్ రన్‌కి హొన్ ఎందుకో ఊహకి అందుతుంది. నాకు ఈ భాషలో బాగా ఇష్టమైన విషయాల్లో ఇదొకటి. జొసూషి వెనక వస్తువు కన్నా, ఆ వస్తువుని వాళ్లు చూసే చూపు కనిపిస్తుంది.

రెండు పెన్సిళ్లకు నిహొన్ అంటే, జపాన్ దేశం పేరూ నిహొన్ అంటే తికమక కాదా అని అడుగుతుంటారు. పలికే స్వరం వేరు. రెండు అనేటప్పుడు "ని" దగ్గర గొంతు ఎత్తుగా ఉంటుంది, దేశం పేరులో "హొ" దగ్గర. మాట్లాడేటప్పుడు సందర్భమే చాలు, కంగారు పడకండి.

జంతువుల సంగతి?

చిన్నవాటికి హికి: పిల్లులు, కుక్కలు, చేపలు, పురుగులు. ఇప్పికి, నిహికి, సంబికి, యొన్‌హికి, గొహికి, రొప్పికి, ననహికి, హప్పికి, క్యూహికి, జుప్పికి. హొన్ వచ్చినవాళ్లకు హికి వచ్చేసినట్టే. ఆవులు, గుర్రాలు, ఏనుగుల లాంటి పెద్దవాటికి తో: ఇత్తో, నితో, సన్‌తో. పక్షులకు వ: ఇచివ, నివ, సన్‌వ. కుందేళ్లను కూడా వ తో లెక్కపెట్టడం పాతకాలం నుంచి ఉన్న అలవాటు. ఇప్పుడు హికి కూడా అంటారు. మొదట్లో హికి ఒక్కటి చాలు.

కొ, త్సు రెండూ చిన్న వస్తువులకే కదా. తేడా ఏంటి?

కొ చేతిలో ఇమిడే గట్టి వస్తువులకు: గుడ్లు, యాపిల్స్, మిఠాయిలు, సబ్బులు. ఇక్కొ, నికొ, సన్‌కొ, యొన్‌కొ, గొకొ, రొక్కొ, ననకొ, హక్కొ, క్యూకొ, జుక్కొ. వాటికి త్సు కూడా వాడొచ్చు. కాని ఆలోచనలు, కోరికలు లాంటి ఆకారం లేనివాటికి త్సు నే సహజం. పది దాటిన లెక్కకి కొ పనికొస్తుంది. అంతకుమించి తేడా వెతకక్కర్లేదు.

వాక్యంలో ఈ లెక్క ఎక్కడ పెట్టాలి?

ఇక్కడ మన భాష మళ్లీ అక్కరకొస్తుంది. "యాపిల్స్ మూడు ఇవ్వండి" అనేదే జపనీస్ వరస: "రింగొ ఒ మిత్త్సు కుదసై". వస్తువు, దాని వెనక విభక్తి, ఆ వెనక లెక్క, చివర క్రియ. "స్టాంపులు ఐదు ఇవ్వండి" అంటే "కిత్తె ఒ గొమై కుదసై". "విద్యార్థులు ముగ్గురు ఉన్నారు" అంటే "గకుసే గ సన్నిన్ ఇమస్", మాటకి మాట సరిపోయింది చూడండి.

లెక్కని ముందు పెట్టాలంటే మధ్యలో "నొ" చేరాలి: "సన్నిన్ నొ గకుసే", ముగ్గురు విద్యార్థులు. ఆ నొ మర్చిపోయి "సన్నిన్ గకుసే" అనడం, లేదా విభక్తిని లెక్క వెనక్కి నెట్టి "రింగొ మిత్త్సు ఒ" అనడం ఎక్కువగా జరిగే పొరపాట్లు. మొదట్లో వెనక పెట్టే వరసకే కట్టుబడి ఉండండి.

బహువచనం గురించి ఆలోచించొద్దు. ఒక యాపిలైనా పది యాపిల్సైనా రింగొ, రింగొనే. ఎన్నో చెప్పే బరువంతా లెక్క మీదే ఉంటుంది, అందుకే ఆ లెక్కకి అంత శ్రద్ధ.

కొట్లో, హోటల్‌లో వెంటనే పనికొచ్చే నాలుగు మాటలు చెప్పండి.

వేలు చూపించి "కొరె ఒ ఫుతత్సు కుదసై": ఇవి రెండు ఇవ్వండి. "కొరె తొ కొరె ఒ హితొత్సు జుత్సు కుదసై": ఇదీ ఇదీ ఒక్కొక్కటి ఇవ్వండి. జుత్సు అంటే "చొప్పున". "మో హితొత్సు": ఇంకొకటి. "హితొత్సు దకె": ఒక్కటే. "జెంబు దె": అన్నీ కలిపి. మెనూ కార్డులో పేరు చదవడం రాకపోయినా వీటితో భోజనం వచ్చేస్తుంది.

గ్లాసులకు, కప్పులకు, గిన్నెలకు హై: ఇప్పై, నిహై, సంబై. "మో ఇప్పై" అంటే ఇంకో కప్పు, లేదా ఇంకో గిన్నె. ఇప్పై అనే మాటకే "నిండుగా", "బోలెడు" అనే అర్థం కూడా ఉంది. "ఒనక గ ఇప్పై దెస్" అంటే కడుపు నిండింది. కొసరి కొసరి వడ్డించేవాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లేముందు ఇది నేర్చుకోండి.

సెకండ్ ఫ్లోర్ అంటే వెళ్లాను, తలుపు తప్పు అన్నారు. ఏమైంది?

జపాన్‌లో నేల మీదున్న అంతస్తే ఒకటోది. మన గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకు ఇక్కై. మన ఫస్ట్ ఫ్లోర్ వాళ్లకు నికై, మన సెకండ్ ఫ్లోర్ సంగై. ఎవరైనా నికై అంటే ఒక్క మేడ ఎక్కితే చాలు. అద్దె ఇల్లు చూసేటప్పుడు, ఆఫీసు చిరునామా రాసుకునేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోండి. ఎన్నో అంతస్తు అని అడగడానికి నంగై. ఎన్నిసార్లు అనడానికి నన్‌కై. ఒక్క గ, క తేడా.

డబ్బు లెక్కలో లక్షలు, కోట్లు ఎలా చెబుతారు?

జపనీస్ లెక్క పదివేల మీద నడుస్తుంది. పదివేలు ఇచిమన్. అక్కడి నుంచి కొత్త మెట్టు. మన లక్ష వాళ్లకు పది మన్‌లు, జూమన్. పది లక్షలు హ్యకుమన్. కోటి ఇస్సెన్‌మన్. పది కోట్లు ఇచిఒకు.

లక్షల్ని మన్‌లలోకి మార్చడానికి పదితో గుణించండి, అంతే. నెలజీతం 2,50,000 యెన్‌లంటే రెండున్నర లక్షలు, కాబట్టి ఇరవై ఐదు మన్‌లు: నిజూగొమన్ ఎన్. ఇంటర్వ్యూలో జీతం మాట వచ్చినప్పుడు ఈ లెక్క క్షణంలో తిరగాలి. ఇంకో చిన్న విషయం: వందకీ వెయ్యికీ ముందు ఇచి రాదు, వట్టి హ్యకు, సెన్ చాలు. పదివేలకు మాత్రం ఇచిమన్ అనాల్సిందే.

తేదీలు, వయసులు?

తేదీలు త్సు వరసకి చుట్టాలు. ఒకటో తారీఖు త్సుఇతచి. ఆ తరవాత ఫుత్సుక, మిక్క, యొక్క, ఇత్సుక, ముయిక, ననొక, యోక, కొకొనొక, తోక. నాలుగో తారీఖు అచ్చంగా మన "యొక్క", పదో తారీఖు మన "తోక". తెలుగువాళ్లకు ఇవి మర్చిపోవడం అసాధ్యం. ఎనిమిది యోక, దీనికి ఒత్తు లేదు, దీర్ఘం ఉంది. ఈ రెంటినీ కలిపేసి రైలు టికెట్ కొంటే నాలుగు రోజులు అటూ ఇటూ అయిపోతుంది. పదకొండు నుంచి మామూలుగా జూఇచినిచి, జూనినిచి. 14కి జూయొక్క, 20కి హత్సుక, 24కి నిజూయొక్క మాత్రం పాత వాసన వదల్లేదు.

వయసుకి సై: ఇస్సై, నిసై, సన్‌సై, హస్సై, జుస్సై. ఇరవై ఏళ్లకు ప్రత్యేకంగా హతచి. జపాన్‌లో మేజర్ అయ్యే వయసు 2022 ఏప్రిల్‌లో ఇరవై నుంచి పద్దెనిమిదికి తగ్గింది. మద్యం, పొగాకు విషయంలో ఇరవయ్యే కొనసాగుతోంది, కాబట్టి హతచి అనే మాట ఇప్పటికీ చెవినపడుతూనే ఉంటుంది.

తప్పు జొసూషి వాడితే ఏమనుకుంటారు?

అర్థమవుతుంది, ఇబ్బందేమీ లేదు. చెప్పులకు జతల లెక్కన సొకు, బట్టలకు చకు, ఇళ్లకు కెన్, చాప్‌స్టిక్స్ జతకి జెన్, దేవతలకు స్తంభం అనే అర్థమున్న హషిర, ఇలా వందల్లో ఉన్నాయి. అన్నీ జపనీస్ వాళ్లే రోజూ వాడరు. చొక్కాకి మై బదులు త్సు అన్నా కొట్టువాడు చొక్కా ఇస్తాడు. మనుషుల్ని మాత్రం వస్తువుల లెక్కలో చెప్పకండి. అది వినడానికి మొరటుగా ఉంటుంది.

"రెండోది", "మూడో మనిషి" అనడం ఎలా?

లెక్క వెనక "మె" తగిలించండి. హితొత్సుమె ఒకటోది, ఫుతత్సుమె రెండోది, సన్నిన్‌మె మూడో మనిషి, నికైమె రెండోసారి. దారి అడిగితే "ఫుతత్సుమె నొ కదొ ఒ మిగి" అంటారు: రెండో మలుపు దగ్గర కుడికి. మన "ఓ" ప్రత్యయం చేసే పని ఇది చేస్తోంది. జొసూషి వస్తే ఇదీ వచ్చేసినట్టే.

ఎన్5 పరీక్షకి ఎంతవరకు చదవాలి?

నిన్, త్సు, మై, హొన్, సత్సు, దై, హికి, హై, కొ, సై, అంతస్తుల కై, సార్లు చెప్పే కై, తేదీలు, నిమిషాలు. ఇవి పది దాకా తడబడకుండా రావాలి. ఎన్5లో రాయడం, మాట్లాడటం ఉండవు, అన్నీ సరైన జవాబు ఎంచుకునే ప్రశ్నలే. కాబట్టి అసలు కష్టం వినడంలో ఉంటుంది. ఇప్పొన్ అన్నారా, రొప్పొన్ అన్నారా? యొక్క అన్నారా, యోక అన్నారా? పట్టికని గోడకి అంటించి చూస్తూ కూర్చుంటే ఈ తేడా పట్టుబడదు. ఇంట్లో కనిపించిన ప్రతిదాన్నీ పైకి లెక్కపెట్టండి: మడతపెట్టే చొక్కాలు మైలో, షెల్ఫులో పుస్తకాలు సత్సులో, భోజనానికి కూర్చున్నవాళ్లు నిన్‌లో. పక్కన ఇంకొకరు నేర్చుకుంటూ ఉంటే వస్తువు పేరు వాళ్లు చెప్పాలి, లెక్క మీరు చెప్పాలి, వరసగా కాకుండా ఎడాపెడా. వరసలో పది వచ్చినవాళ్లకు కూడా నేరుగా "ఆరు సీసాలు" అంటే కాసేపు ఆలోచన పడుతుంది. ఆ ఆలోచన అవసరం లేకుండా రొప్పొన్ అని నోటికి వచ్చేదాకా ఆపొద్దు.